సంచి భాంజాది, కేసు ఖాలూది

మన ఇండ్లల్లో పరాయి సామాను లేని ఇల్లు ఒక్కటన్నా ఉందా? దుబాయి పోయిన తమ్ముడి సందూక్, సిటీలో కిరాయి ఇల్లు ఖాళీ చేసిన మామూజాన్ కూలర్, అత్తగారింట్లో పడక వచ్చేసిన చెల్లె జహేజ్ గిన్నెలు, పరీక్షలు అయిపోయాక ఊరికి పోతూ ఎవరో పోరగాడు పెట్టిపోయిన రెండు బ్యాగులు. "జర రఖ్ లో భాయ్, ఆకే లేజాతుఁ" అంటే చాలు, అల్మారా మీద జాగా దొరుకుతుంది. లోపల ఏముందని అడగం. అడిగితే ఎదుటివాళ్ళ నియ్యత్ మీద షక్ పెట్టినట్టే కదా. తాళం వేసి ఇచ్చిన పెట్టెను తాళంతోనే వాపసు ఇవ్వడం అమానత్‌దారీ అని మా నానీమా చెప్పేది. మీ నానీమా కూడా అదే చెప్పి ఉంటుంది.

ఈ రివాజు మీద నాకు ఇజ్జత్ ఉంది. బ్యాంకు లాకర్ అంటే ఏమిటో తెలియని రోజుల్లో గరీబు ముసల్మానుకు చుట్టపింటి అల్మారాయే లాకర్. కానీ చేవెళ్ల, మొయినాబాద్ మన అబ్బాల కాలం నాటి ఊళ్ళలాగా లేవు. బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల కింద కూరగాయల గంపలు, పూల మూటలు మోసిన ఊళ్ళివి. హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ నీళ్ళను కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చింది. పెద్ద కట్టడాలకు అడ్డు పడింది గానీ ఫామ్‌హౌసులకు మాత్రం కరువు లేదు. ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి. ప్రతి ఫామ్‌హౌసుకూ ఒక వాచ్‌మన్, గేటు పక్కన రేకుల గది. ఆ గదిలో ఉండేది చాలాచోట్ల మనవాళ్ళే. సిటీ చుట్టాలకు, కాలేజీ పోరగాళ్ళకు ఆ గది ఒక పడావ్. వచ్చి తింటారు, పడుకుంటారు, సంచి పెట్టి పోతారు. పోలీసుల తలాషీ వచ్చిన రోజు సంచి పెట్టినవాడు అక్కడ ఉండడు. గదిలో ఉన్నవాళ్ళు ఉంటారు.

మాకు తెలిసిన ఒక ఖాందాన్‌కు ఇదే జరిగింది. ఏ ఊరో, ఏ ఠాణానో చెప్పను. కేసు ఇంకా నడుస్తోంది. ఆయన ఒక ఫామ్‌హౌసులో వాచ్‌మన్. భార్య అక్క కొడుకు, అంటే భాంజా, బైకు మీద వచ్చి ఒక కాలేజీ బ్యాగు ఇచ్చి "ఖాలూ, నాలుగు రోజులు" అన్నాడు. అయిదో రోజు పోలీసులు వచ్చారు. అప్పుడు గదిలో ఖాలా ఒక్కతే ఉంది. బ్యాగులో రెండు కిలోలకు కాస్త పైన గంజాయి. ఆయన దూరంగా మోటరు దగ్గర ఉన్నాడు. భార్య ఫోన్ చేసి విషయం చెప్పింది. ఆయన అక్కడినుంచే ఫామ్‌హౌసు సేఠ్‌కు ఫోన్ కలిపి "నాదే సాబ్, మాఫ్ చేయండి" అన్నాడు. ఎందుకన్నాడు? ఆ పోరగాడు బేవా తల్లికి ఒక్కడే కొడుకు, ఆఖరి ఏడాది చదువుతున్నాడు. తాను బతికినంత బతికాడు, పిల్లవాడి జిందగీ బర్బాద్ కావద్దని ఆ అయిదు నిమిషాల్లో ఫైసలా చేసుకున్నాడు.

ఖాందాన్ అంతా ఆయనను ఫరిష్తా అంటోంది. నా మాట చాలామందికి నచ్చదు గానీ, ఆయన చేసింది ఖుర్బానీ కాదంటాను. అది ఒక అబద్ధం. తన భార్యాపిల్లలను నడి రోడ్డు మీద నిలబెట్టిన అబద్ధం. పైగా ఖానూన్ ఆయనకు ఇచ్చిన ఒకే ఒక్క దర్వాజాను ఆయన చేత్తో ఆయనే మూసేసుకున్నాడు.

ఆ దర్వాజా పేరు ఇల్మ్. తెలిసి ఉండటం.

మన ప్రాంతంలో ఖబ్జా అంటే ఎవరి జమీనో ఎవరో కొట్టేయడం. అసలు ఉర్దూలో ఖబ్జా అంటే చేతిలో ఉండటం, స్వాధీనంలో ఉండటం, అంతే. కోర్టు మాటలన్నీ మన ఇంటినుంచే పోయాయి. పంచనామా, జప్తు, జామీను, వకాల్తా. పోయినవాటిలో కొన్ని దారిలో మారిపోయాయి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, తెలుగు కోర్టులో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు. దావా వేసినవాడే బోనెక్కినట్టు! సరే, ఆ సంగతి వేరే. క్రిమినల్ కేసులో ఖబ్జా అనాలంటే వస్తువు నీ గదిలో దొరికితే సరిపోదు. అది అక్కడ ఉందని నీకు తెలియాలి, దాని మీద నీ ఇఖ్తియార్ నడవాలి. 1972లో గున్వంత్‌లాల్ కేసులో, ఆయుధాల చట్టం గురించి మాట్లాడుతూ, సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. వస్తువు జేబులోనే ఉండాలని లేదు, దూరాన ఉన్నా నీ ఇఖ్తియార్‌లో ఉంటే ఖబ్జాయే, కానీ ఎరుక లేకుండా ఖబ్జా లేదు. 1994లో సంజయ్ దత్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం కూడా ఎరుకతో కూడిన స్వాధీనమే స్వాధీనం అన్నది. అది విని ఆయన విడుదలైపోయాడని కొందరు అనుకుంటారు. కాలేదు. తుపాకీ ఏమిటో తెలిసే ఉంచుకున్నాడు కాబట్టి ఆయుధాల చట్టం కింద శిక్ష పడింది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని అయిదేళ్ళుగా ఖాయం చేసింది.

ఇల్మ్ రెండు వైపులా కోసే కత్తి. మోహన్‌లాల్ అనే రాజస్థాన్ కేసు చూడండి. 1985లో ఒక కోర్టు మాల్‌ఖానా నుంచే నల్లమందు చోరీ అయింది. తర్వాత ముద్దాయి చూపించిన చోట భూమిలోంచి తవ్వి తీశారు. వస్తువు అతని ఇంట్లో లేదు, ఒంటి మీద లేదు, మట్టి కింద ఉంది. అయినా ఎక్కడుందో అతనికి తెలుసు, అతని ఇఖ్తియార్‌లో ఉంది కాబట్టి ఖబ్జాయేనని 2015లో సుప్రీంకోర్టు శిక్షను నిలబెట్టింది. మట్టి కింద ఉన్నా తెలిస్తే ఖబ్జా. అల్మారా మీద ఉన్నా తెలియకపోతే ఖబ్జా కాదు.

చెప్పినంత సులువు కాదు, ఒప్పుకుంటాను. మత్తుపదార్థాల చట్టంలో, అంటే 1985 ఎన్‌డీపీఎస్‌లో, 35, 54 సెక్షన్లు ఉన్నాయి. స్వాధీనంలో దొరికితే తెలిసే ఉంచుకున్నాడని కోర్టు మొదలే అనుకుంటుంది, కాదని నువ్వు చూపించాలి. మామూలు కేసుల్లో జుర్మ్ సాబిత్ చేసే బరువు సర్కారుది. ఇక్కడ సగం బరువు మన నెత్తిన పడుతుంది. అయితే ఆ బరువు ఎప్పుడు పడుతుంది? 2008లో నూర్ ఆగా కేసులో జవాబు దొరికింది. ఆయన అఫ్ఘాన్. అమృత్‌సర్ ఎయిర్‌పోర్టులో ద్రాక్షపండ్ల డబ్బాలో హెరాయిన్ దొరికిందని కేసు. ముందు బునియాదీ సంగతులు, అంటే సరుకు దొరకడం, అది అతని స్వాధీనంలో ఉండటం, సర్కారు షక్‌కు తావు లేకుండా రుజువు చేయాలి, ఆ తర్వాతే ముద్దాయి వంతు వస్తుంది, అప్పుడు కూడా అతని మీద పడే బరువు సర్కారు మోసేంత కాదు అని సుప్రీంకోర్టు చెప్పింది. జప్తు కాగితాల్లో, సరుకును కోర్టు ముందు పెట్టడంలో అన్ని లోపాలు బయటపడి నూర్ ఆగా విడుదలయ్యాడు. 1996లో మొహమ్మద్ ఆలమ్ ఖాన్ కేసు కూడా ఉంది. సరుకు దొరికిన ఫ్లాట్ అతని స్వాధీనంలో ఉందని నార్కోటిక్స్ బ్యూరో రుజువు చేయలేకపోయింది, అతనూ బయటపడ్డాడు.

ఇక ఆ చట్టంలోనే 25వ సెక్షన్ ఉంది. ఇల్లు, గది, బండి ఎవరి చేతిలో ఉందో వాళ్ళు తెలిసి జుర్మ్‌కు వాడుకోనిస్తే వాళ్ళకూ అదే శిక్ష. "తెలిసి" అన్న మాట అక్కడ ఉంది. మన ఖాలూ కేసు మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడవలసింది.

నిలబడేది కూడా. బ్యాగులో ఆ పోరగాడి బట్టలు ఉన్నాయి, కాలేజీ కాగితం ఉంది. "ఖాలూ, బ్యాగ్ జాగ్రత్త, మంగళవారం వస్తా" అని వాట్సాప్‌లో మెసేజ్ ఉంది. బ్యాగు జిప్పుకు చిన్న తాళం, చెవి పోరగాడి దగ్గర. ఇంతకంటే మంచి డిఫెన్స్ ఏం కావాలి? కానీ ఖాందాన్ పెద్దలు కూర్చొని మొదట చేసిన పని ఆ మెసేజులు డిలీట్ చేయించడం, పోరగాడు కేసులోకి రావద్దని. డిఫెన్స్ పోయింది, సబూత్ చెరిపారన్న కొత్త జుర్మ్ తలుపు తట్టింది. భారతీయ న్యాయ సంహిత 238 దాని గురించే. ఇంకొకటి కూడా చెప్పాలి. జుర్మ్ చేసినవాడిని శిక్ష తప్పించాలని తెలిసి దాచిపెడితే 249 సెక్షన్. ఆ సెక్షన్‌లో భార్యకు, భర్తకు మాత్రమే మినహాయింపు ఇచ్చారు. తల్లికి లేదు, ఖాలాకు లేదు. నాకు ఇది జుల్మ్ అనిపిస్తుంది. పరారీలో ఉన్న కొడుకు అర్ధరాత్రి తలుపు కొడితే తీయని తల్లి ఎక్కడుంది? కానీ ఖానూన్ అట్లా ఉంది, తల్లులకు తెలిసి ఉండాలి.

"పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదట కదా" అని నాతో ఒకరు వాదించారు. నిజమే. సాక్ష్య అధినియమ్ 23 ప్రకారం పోలీసుకు చెప్పిన ఇఖ్బాలియా బయాన్ సబూత్ కాదు, దానివల్ల ఏదైనా వస్తువు బయటపడితే అంతమేరకే పనికొస్తుంది. ఎన్‌డీపీఎస్ అధికారులకు ఇచ్చిన బయాన్ కూడా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో తేలింది. కానీ మన ఖాలూ ఒప్పుకున్నది పోలీసు ముందు కాదు. పోలీసుల చేతికి చిక్కకముందే, ఫోన్‌లో, సేఠ్‌తో ఒప్పుకున్నాడు. ఇప్పుడు ఆ సేఠ్ సర్కారీ గవాహ్. పాపం ఆయనకు ఈయనమీద దుష్మనీ ఏమీ లేదు, విన్నది చెబుతాడు. సరుకు నాదేనని ఒక పెద్దమనిషి ముందు అన్న మనిషి ఇప్పుడు బోనులో నిలబడి నాకు తెలియదంటే జడ్జి ఏం నమ్మాలి?

యూసుఫ్ అలైహిస్సలామ్ ఖిస్సా మనకందరికీ వచ్చు. బిన్‌యామీన్ సామానులో పాదుషా పాత్ర దొరికింది. అది అక్కడికి ఎట్లా వచ్చిందో మనకు తెలుసు, అతని ఖతా ఏమీ లేదు. పక్కన నిలబడ్డ అన్నలు ఏం చేశారు? ఎవరు పెట్టారని అడగలేదు. దొరకగానే జుర్మ్ సాబిత్ అయిపోయినట్టు మాట్లాడారు, వీడి అన్న కూడా దొంగేనని పాత నింద ఒకటి తవ్వి తీశారు. మన ఖాందాన్లలో రెండు రకాలూ ఉన్నాయి. కొందరు ఆ అన్నల్లాగా క్షణంలో చేతులు దులిపేసుకుంటారు. కొందరు ఖాలూలాగా అంతా నెత్తిన వేసుకుంటారు. "ఎవరిది, ఎప్పుడు పెట్టారు, ఎవరికి తెలుసు" అన్న మూడు సవాళ్ళు మాత్రం రెండు ఇండ్లల్లోనూ ఎవరూ అడగరు.

వకీల్ దగ్గర కూడా ఇదే గడ్‌బడ్. ఖర్చు కలిసొస్తుందని ఖాలూకు, భాంజాకు ఒకే వకీల్‌ను పెట్టారు. ఖాలూ బచావ్ ఏమిటి? బ్యాగు భాంజాది. భాంజా బచావ్ ఏమిటి? ఆ బ్యాగు నాది కాదు. ఒకే నోటితో ఆ వకీల్ ఈ రెండూ ఎట్లా చెబుతాడు? ఆయన చివరికి ఏదీ గట్టిగా చెప్పడు, ఇద్దరూ మునుగుతారు. చుట్టరికం ఇంట్లో ఉండనివ్వండి, వకాల్తాలు వేరు వేరుగా వేయండి. ఇది గద్దారీ కాదు.

తలాషీ రోజు ఆడవాళ్ళే ఇంట్లో ఉంటారు కాబట్టి వాళ్ళకు చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి. 2024 జులై 1 నుంచి నాగరిక్ సురక్షా సంహిత నడుస్తోంది. దాని 105 సెక్షన్ ప్రకారం తలాషీ, జప్తు మొత్తం వీడియో తీయాలి, సెల్‌ఫోన్‌తో అయినా సరే. ఆ వీడియో మెజిస్ట్రేట్‌కు చేరాలి. బ్యాగు ఎక్కడ ఉంది, తాళం ఉందా, ఎవరు తెరిచారు, అన్నీ అందులో పడతాయి. వకీల్ కోర్టులో మొదట అడగవలసింది అదే. 103 ప్రకారం ఇంటివాళ్ళు తలాషీ దగ్గర నిలబడవచ్చు, జప్తు చేసిన వస్తువుల లిస్టు నఖల్ తీసుకోవచ్చు. ఆడమనిషి ఒంటిని ఆడ పోలీసే తనిఖీ చేయాలి. ఖాళీ కాగితం మీద దస్తఖత్ ఎవరు అడిగినా పెట్టవద్దు. ఏదైనా రాసి ఉంటే చదివి వినిపించమనండి. తెలుగు చదవడం రాని ఖాలాలు మనలో ఎందరో. ఉర్దూలో చెప్పమని అడగడానికి షరమ్ ఎందుకు? అబద్ధం చెప్పవద్దు, గెస్ చేసి కూడా చెప్పవద్దు. "బ్యాగు ఫలానా అబ్బాయిది, లోపల ఏముందో తెలియదు, వకీల్ వచ్చాక మాట్లాడతాం" అనేది నిజమైతే, ఆ మూడు ముక్కలు చాలు.

నిజమైతే అన్నాను. నిజంగా తెలిసి ఉంచుకున్న ఇండ్లు కూడా ఉన్నాయి, కళ్ళు మూసుకొని పిల్లిలా పాలు తాగిన ఇండ్లు. గదంతా వాసన కొడుతుంటే, పోరగాడు వారం వారం బ్యాగు మార్చి పోతుంటే, పోతూ పోతూ చేతిలో అయిదొందల నోటు పెడుతుంటే, తెలియదన్న మాట కోర్టు నమ్మదు. నేనూ నమ్మను. అట్లాంటి కేసులో వకీల్ పని వేరే ఉంటుంది. ఎంత సరుకు, నమూనాలు 52ఎ ప్రకారం మెజిస్ట్రేట్ ముందు తీశారా, లేదా అన్నది చూస్తాడు.

ఎంత సరుకు అన్నది నిజంగా జిందగీ మౌత్ సవాల్. గంజాయి కిలో కంటే తక్కువ ఉంటే కొద్ది మోతాదు, ఏడాది వరకు ఖైదు. 20 కిలోలు దాటితే వ్యాపార మోతాదు, కనీసం పదేళ్ళు, ఇరవై దాకా పోవచ్చు. ఆ కేసుల్లో 37వ సెక్షన్ అడ్డం వస్తుంది. ముద్దాయి బేకసూర్ అని నమ్మడానికి కారణాలున్నాయని జడ్జికి అనిపిస్తేనే జమానత్. ముఖద్దమా మొదలు కాకముందే సగం ఫైసలా అన్నమాట. మధ్యలో ఉన్నందుకు మన ఖాలూకు రెండు నెలల లోపే జమానత్ దొరికింది. ఆ భాంజా పెట్టింది ఇరవై కిలోలు దాటిన మూట అయి ఉంటే ఖాలూ ఇవాళ్టికీ లోపలే ఉండేవాడు. మూట బరువు ఎంతో తెలియని మనిషి జమానత్ ఆ బరువుతో తూగడం నాకు ఇన్సాఫ్ అనిపించదు. ఇంట్లోవాళ్ళకు తెలుసా లేదా అన్నది జమానత్ దగ్గరే గట్టిగా చూడాలి.

తెలియదు అన్న మాటకు కూడా హైసియత్ ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో మన మొయినాబాద్ మండలం తోల్కట్టలో ఒక ఫామ్‌హౌసు మీద దాడి జరిగి కోడిపందేలు బయటపడ్డాయి. ఆ ఫామ్‌హౌసు ఒక ఎమ్మెల్సీగారిది. నేను లీజుకు ఇచ్చేశాను, నాకు సంబంధం లేదు అన్నారాయన. ఆయన మాట నిజమా కాదా అన్నది కోర్టు సంగతి. నేను చూసింది ఇంకోటి. పెద్దవాళ్ళ దగ్గర తెలియదు అన్న మాటకు లీజు కాగితం ఉంటుంది, మేనేజర్ ఉంటాడు, సీనియర్ వకీల్ ఉంటాడు. వాచ్‌మన్ దగ్గర ఏముంటుంది? ఆ గది అతని పేరు మీద లేదు, కానీ సంచి దొరికితే గది అతనిదే అవుతుంది. అందుకే మనకు కాగితం ఇంకా ఎక్కువ అవసరం. ఎవరైనా సామాను పెట్టిపోతే వాళ్ళ ముందే తెరిపించి, ఒక ఫోటో తీసి, వాళ్ళ ఫోన్‌కే పంపండి. "ఫలానా సామాను ముట్టింది" అని రెండు ముక్కలు. అలిగేవాళ్ళు అలుగుతారు. అలిగి సంచి తీసుకొని వెళ్ళిపోతే ఆ రోజు రాత్రి మీరు హాయిగా పడుకోవచ్చు.

గంజాయి ఒక్కటే కాదు. బావ "చాలా సస్తాగా దొరికింది" అని ఇచ్చిన సెల్‌ఫోన్, బండి కాగితాలు లేకుండా మీ వాకిట్లో నెల రోజులుగా నిలబడ్డ మోటర్‌సైకిల్, వీటికి న్యాయ సంహిత 317 ఉంది. అక్కడ "తెలిసి" అన్న మాటతో పాటు "నమ్మడానికి కారణం ఉండి" అన్న మాట కూడా ఉంది, అంటే రేటు చూసి షక్ రావలసింది అంటారు. అబ్బాజాన్ ఇంతిఖాల్ అయ్యాక గోడకు వేలాడే లైసెన్స్ తుపాకీ సంగతి మరీ ఖతర్నాక్. లైసెన్స్ అబ్బాజాన్‌తోనే పోయింది. యాద్‌గార్ అని ఉంచుకుంటే లైసెన్స్ లేని ఆయుధం కేసు, 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్ళ ఖైదు. ఆలస్యం చేయకుండా ఠాణాలో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోవాలని ఆయుధాల చట్టం 21 చెబుతోంది. వారసులు తమ పేరున లైసెన్స్‌కు దర్ఖాస్తు తర్వాత పెట్టుకోవచ్చు. అక్కడ "మాకు తెలియదు" పనిచేయదు, గోడ మీద అందరికీ కనిపిస్తోంది కదా.

ఖాలూ ఇప్పుడు వాయిదాలకు రెండు బస్సులు మారి తిరుగుతున్నాడు. సేఠ్ నౌకరీలోంచి తీసేశాడు, ఇప్పుడు వేరే వకీల్ వచ్చాడు. భాంజా ఫోన్‌లో ఆ మెసేజ్ ఇంకా ఉందా అన్నదాని మీద ఆయన ఆశ పెట్టుకున్నాడు. పోరగాడి తల్లి, ఖాలూ భార్య ఒకరింటికి ఒకరు పోవడం లేదు.

వకీల్‌కు పైసలు లేవని ఇంట్లో కూర్చున్నవాళ్ళకు ఒక మాట. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆమ్దానీ ఎంతైనా సరే సర్కారీ వకీల్ ముఫ్త్‌గా దొరుకుతాడు. ఫోన్ నంబరు 15100. ఎఫ్‌ఐఆర్ నంబరు, ఠాణా పేరు, పట్టుకుపోయిన తేదీ, టైము ఒక చీటీ మీద రాసి దగ్గర పెట్టుకొని ఫోన్ చేయండి. జప్తు లిస్టు నఖల్ ఉంటే అది కూడా.